చలిలోనూ పనికి వచ్చే తేనెటీగ: పండ్ల తోటల్లో బంబుల్‌బీ

– పూర్వ విద్యార్థిని, ఎం.ఎస్సీ. (జంతుశాస్త్రం)

సంచికలో కథలు, కవితలు, పెద్దల సందేశాలు ఎలాగూ ఉంటాయి. వాటితోపాటు ఒక సైన్సు పాఠం కూడా ఉంటే బాగుంటుందని ఇది రాస్తున్నాను. నేను ఎం.ఎస్సీ.లో కీటకశాస్త్రం ప్రత్యేక అంశంగా తీసుకున్నాను. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటిదాన్ని నేనే. "ఇంత చదువు చదివి ఈగల గురించా?" అని మా చుట్టాలు ఇప్పటికీ అడుగుతుంటారు. ఈ పాఠం వాళ్ళకూ జవాబే.

పువ్వు కాయ కావాలంటే

ఏడో తరగతి సైన్సులో పరాగసంపర్కం పాఠం అందరం చదివాం. కేసరాల మీది పుప్పొడి కీలాగ్రం మీద పడాలి. అక్కడ నుంచి అది అండాశయంలోకి చేరి అండంతో కలిస్తే విత్తనం ఏర్పడుతుంది. విత్తనం చుట్టూ ఉన్న భాగం పెరిగి పండు అవుతుంది. పరీక్షకు ఇంతవరకు చాలు. తోట పెట్టిన రైతుకు మాత్రం అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. ఆ పుప్పొడిని ఎవరు తెస్తారు? ఎప్పుడు తెస్తారు? ఏ చెట్టు నుంచి తెస్తారు?

ఆపిల్‌నే తీసుకుందాం. ఆపిల్ పువ్వులో కీలాగ్రాలు 5 ఉంటాయి. అండాశయంలో గదులు కూడా 5. ఒక్కో గదిలో మామూలుగా 2 అండాలు ఉంటాయి కనుక ఒక పండులో 10 విత్తనాల దాకా రావచ్చు. అయితే చాలా ఆపిల్ రకాలకు తమ సొంత పుప్పొడి పనికిరాదు. రెడ్ డెలీషియస్ చెట్టుకు రెడ్ డెలీషియస్ పుప్పొడి ఎంత రాలినా కాయ సరిగా కట్టదు. గోల్డెన్ డెలీషియస్ లాంటి ఇంకో రకం నుంచి పుప్పొడి రావాలి. అందుకే తోటలో మధ్య మధ్య వేరే రకం చెట్లు నాటుతారు. దీన్నే పరపరాగసంపర్కం అంటాం.

పుప్పొడి చాలినంత అందకపోతే కొన్ని గదుల్లోనే విత్తనాలు పడతాయి. పెరుగుతున్న విత్తనాల నుంచి వచ్చే హార్మోన్ల వల్లనే చెట్టు ఆహారం కాయలోకి చేరుతుంది. విత్తనాలు పడని వైపు కాయ ఎదగదు. పండు ఒక పక్కకు వాలి సొట్టగా తయారవుతుంది, లేదా పిందెగానే రాలిపోతుంది. సొట్ట పండుకు మార్కెట్లో ధర ఉండదు. కాబట్టి తోటలో పూత బాగా వచ్చిందని సంతోషిస్తే చాలదు. నిండుగా పూసిన ఆపిల్ చెట్టులో నూటికి 5 నుంచి 10 పూలు కాయ కట్టినా మంచి పంటే. ఆ కొద్ది పూలకైనా సమయానికి సరైన పుప్పొడి అందాలి. పూతకాలం ఉండేది సుమారు 10 రోజులు. ఒక్కో పువ్వుకు దొరికేది అందులో కొన్ని రోజులే.

ఆ పని మనిషి చేస్తే

పరాగసంపర్కం ఎంత కష్టమైన పనో మన నడిగడ్డ పిల్లలకు నేను చెప్పనక్కర్లేదు. గద్వాల, కర్నూలు ప్రాంతాల్లో సీడు పత్తి చేలలో "క్రాసింగ్" అంటే ఇదే. సాయంత్రం ఆడ వరుసలోని మొగ్గ విప్పి కేసరాలు తీసేయాలి. మర్నాడు పొద్దున్నే మగ వరుస నుంచి పువ్వు కోసుకొచ్చి దాని పుప్పొడిని కీలాగ్రానికి రుద్దాలి. ఒక్కో పువ్వుకు రెండుసార్లు చెయ్యి పెట్టాలి. మా అమ్మ ఎన్నో ఏళ్ళు ఆ పనికి పోయింది. ఆ పని కోసం బడి మానేసిన ఆడపిల్లలు మన ఊళ్ళలో ఎంతమందో ఈ హాస్టల్‌లో చాలామందికి తెలుసు. పాఠంలో "పరాగసంపర్కం" అనే మాట చదివినప్పుడు నాకు ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది వంగి వంగి నొప్పి పుట్టిన నడుమే.

హైబ్రిడ్ విత్తనం కోసం మనిషి చెయ్యి అవసరం. మామూలు పండ్ల తోటకు కూడా మనిషి చెయ్యే దిక్కయితే ఎలా ఉంటుందో చైనాలో చూడవచ్చు. సిచువాన్ రాష్ట్రంలోని హన్‌యువాన్ బేరి తోటలకు పేరున్న ప్రాంతం. అక్కడి రైతులు పూతకాలంలో కుటుంబమంతా కలిసి చెట్లెక్కి, వెదురు పుల్లల చివర కట్టిన కోడి ఈకలతో పువ్వు పువ్వుకూ పుప్పొడి అద్దుతారు. ఇది 1980ల నుంచి వాడుకలోకి వచ్చింది. తోటల్లో పుప్పొడి ఇచ్చే రకాలు తక్కువగా నాటారు. పురుగుమందులు ఎక్కువగా కొట్టారు. మందు భయంతో తేనెటీగల పెంపకందార్లు పెట్టెలు తేవడానికి ఇష్టపడలేదు. ఈగ ఉచితంగా చేసే పనికి అలా మనుషులు కూలి కట్టుకోవలసి వచ్చింది. పల్లెల్లో కూలి రేట్లు పెరిగినకొద్దీ ఆ పద్ధతి రైతుకు భారమైంది.

పండ్ల తోటలో ఈగకు ఇంత విలువ ఉంది. ఇక మన పాఠంలోని అసలు ఈగ దగ్గరకు వద్దాం.

బంబుల్‌బీ అంటే ఏది?

బంబుల్‌బీ తేనెటీగల కుటుంబానికే చెందిన పెద్ద ఈగ. శాస్త్రీయంగా ఇది బాంబస్ అనే ప్రజాతి. ప్రపంచంలో సుమారు 260 జాతులు ఉన్నాయి. ఒళ్ళంతా దట్టమైన నూగు, నలుపు మీద పసుపో తెలుపో ఎరుపో పట్టీలు, లావాటి శరీరం, ఎగిరేటప్పుడు బొంయ్‌మనే చప్పుడు. ఇది చలి ప్రాంతాల జీవి. యూరప్, ఉత్తర అమెరికా, దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు, మన హిమాలయాలు దీని నివాసాలు. మన తెలుగు మైదానాల్లో ఇది సహజంగా లేదు.

"మా ఊళ్ళో నల్లగా పెద్దగా ఉండి వాసాలకు బొరియలు పెట్టేది ఇదే కదా?" అని మీరు అడగవచ్చు. అది వేరు. మనం తుమ్మెద అని పిలిచేది ఎక్కువగా జైలోకోపా అనే ప్రజాతికి చెందిన ఈగను. దాని పొట్ట నున్నగా మెరుస్తుంది. అది ఎండుకొయ్యలో, వెదురులో తొలిచి గూడు పెట్టుకుంటుంది. బంబుల్‌బీ పొట్ట మీద కూడా నూగు ఉంటుంది. దాని గూడు ఎక్కువగా నేలలో, ఎలుకలు వదిలేసిన బొరియల్లో, గడ్డి దుబ్బుల కింద ఉంటుంది.

బంబుల్‌బీ జీవితం ఏడాదితో ముగుస్తుంది. చలికాలమంతా రాణి ఒక్కతే మట్టిలో నిద్రపోతుంది. వసంతం మొదట్లో లేచి, గూటికి చోటు వెతుక్కుని, మైనంతో చిన్న కుండ చేసి మకరందం నింపుకుంటుంది. గుడ్లు పెట్టి కోడిపెట్టలా వాటి మీద కూర్చుని వెచ్చచేస్తుంది. మొదటి పనిఈగలు పుట్టాక బయటి పని వాటికి అప్పగిస్తుంది. ఎండాకాలానికి గూటిలో వందా రెండు వందల ఈగలు, కొన్ని జాతుల్లో ఇంకా ఎక్కువ తయారవుతాయి. చివర్లో కొత్త రాణులు, మగ ఈగలు పుడతాయి. జతకట్టిన కొత్త రాణులు తప్ప మిగతావన్నీ చలికి చనిపోతాయి. ఏడాదికి సరిపడా తేనె దాచుకోవలసిన అవసరం దానికి లేదు. అందుకే బంబుల్‌బీ నుంచి మనకు తేనె దొరకదు.

చలిలో ఎలా ఎగురుతుంది?

కీటకాలు శీతల రక్త జీవులని చదువుకున్నాం. మరి బంబుల్‌బీ చలిలో ఎలా తిరుగుతుంది? ఎగరాలంటే దాని వక్షం, అంటే రెక్కలు అతుక్కుని ఉండే నడిమి భాగం, సుమారు 30 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి. బంబుల్‌బీ రెక్కలు కదపకుండానే రెక్కల కండరాలను వణికిస్తుంది. గేరు వేయకుండా బండి ఇంజను నడిపితే ఇంజను వేడెక్కుతుంది కదా, అలాగే. పుట్టిన వేడి బయటికి పోకుండా గొంగడి కప్పుకున్నట్లు ఒళ్ళంతా నూగు ఉంది. శరీరం పెద్దది కనుక తొందరగా చల్లబడదు.

అందువల్ల తేనెటీగకూ దీనికీ పని వేళల్లో తేడా వస్తుంది. తేనెటీగలు సుమారు 12, 13 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే ఎక్కువగా పెట్టెలోనే ఉండిపోతాయి. మబ్బు పట్టినా, జల్లు పడినా, గాలి వీచినా బయటికి రావు. బంబుల్‌బీలు 10 డిగ్రీల దగ్గర, కొన్నిసార్లు అంతకన్నా చలిలో కూడా పని చేస్తాయి. పొద్దున తొందరగా మొదలుపెట్టి సాయంత్రం ఆలస్యంగా ముగిస్తాయి. సన్న జల్లుకు జంకవు.

యూరప్‌లో ఆపిల్, బేరి, చెర్రీ తోటలు పూసేది ఏప్రిల్ ప్రాంతంలో. అప్పుడు అక్కడ ఎండ నమ్మకం కాదు. పూసిన 10 రోజుల్లో 6 రోజులు ముసురు పట్టిందంటే తేనెటీగల పెట్టెలు ఎన్ని ఉన్నా ఆ 6 రోజులు తోట ఖాళీయే. ఆ రోజుల్లో పువ్వు మీద వాలే కొద్ది ఈగల మీదే ఆ ఏడాది పంట ఆధారపడుతుంది.

పువ్వు మీద ఎలా పని చేస్తుంది?

చలి ఒక్కటే కారణం కాదు. పువ్వు మీద కూర్చునే తీరులో కూడా తేడా ఉంది. డెలీషియస్ రకాల ఆపిల్ పువ్వులో కేసరాల అడుగున సందులు ఉంటాయి. అలవాటు పడిన తేనెటీగ రేకు మీద పక్కగా కూర్చుని ఆ సందులోంచి నాలుక పెట్టి మకరందం తాగుతుంది. కేసరాలకు, కీలాగ్రానికి తగలకుండానే వెళ్ళిపోతుంది. పెట్టె అద్దె రైతు కట్టాడు, మకరందం ఈగ తాగింది, పువ్వుకు మాత్రం ఏమీ అందలేదు. బంబుల్‌బీ పెద్దది. పువ్వు నడిమధ్యన దిగుతుంది. దాని నూగుకు అంటిన పుప్పొడి కీలాగ్రాలకు బాగా రుద్దుకుంటుంది.

బేరి పువ్వులో ఇంకో చిక్కు ఉంది. దాని మకరందంలో చక్కెర తక్కువ. తేనెటీగలు మంచి పువ్వు దొరికిన చోటును నాట్యం చేసి తోటి ఈగలకు చెబుతాయి. ఈ నాట్య భాషను వివరించిన కార్ల్ వాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. రైతుకు ఆ నాట్యమే నష్టం తేవచ్చు. పక్క చేనులో ఆవ జాతి పంట పూసిందని ఒక ఈగ కబురు తెస్తే పెట్టెలోని ఈగలు చాలావరకు అటే పోతాయి. బంబుల్‌బీలకు ఇలాంటి దారి చెప్పే నాట్యం లేదు. ఏ ఈగ పని దానిదే. పుప్పొడి కోసం అవి బేరి పువ్వుకు కూడా వస్తాయి.

ఇజ్రాయెల్‌లో ఈ విషయాన్ని తోటల్లోనే పరీక్షించారు. తేనెటీగలున్న బేరి తోటల్లోకి బంబుల్‌బీ గూళ్ళను అదనంగా తెచ్చిపెట్టినప్పుడు పండులో విత్తనాల సంఖ్య, పండు సైజు, దిగుబడి పెరిగాయని 2012లో ప్రచురించారు. రెడ్ డెలీషియస్ ఆపిల్ మీద 2017లో వచ్చిన పరిశోధన కూడా దాదాపు ఇదే చెప్పింది. అందులో ఒక ముఖ్యమైన సంగతి ఉంది. బంబుల్‌బీలు వచ్చాక తేనెటీగల పని కూడా మెరుగుపడింది. రెండు రకాల ఈగలు ఒకే తోటలో తిరిగినప్పుడు ఒక రకం చెట్టు నుంచి ఇంకో రకం చెట్టుకు పుప్పొడి బాగా చేరింది.

అందుకని తేనెటీగలను తీసేసి బంబుల్‌బీలను పెట్టాలని అర్థం చేసుకోకండి. ఒక తేనెటీగల పెట్టెలో 20 వేల నుంచి 50 వేల దాకా ఈగలు ఉంటాయి. బంబుల్‌బీ గూటిలో వందల్లోనే. ఎండ కాసిన రోజున తేనెటీగల బలం ముందు ఇది నిలవదు. చలి రోజున తేనెటీగ చేయలేని పని ఇది చేస్తుంది. రెండూ ఉంటే తోటకు భరోసా.

పెట్టెలో గూడు ఎలా వచ్చింది?

అడవి బంబుల్‌బీలు ఉండగా పెంచడం ఎందుకు? దీనికి జవాబు దాని జీవిత చక్రంలోనే ఉంది. ఆపిల్ పూసే సమయానికి రాణులు అప్పుడప్పుడే నిద్ర లేచి ఉంటాయి. గూట్లో పనిఈగలు ఇంకా కొద్దిగానే ఉంటాయి. పువ్వులు ఎక్కువ, ఈగలు తక్కువ. కనుక ముందుగానే ఎదిగిన గూడును తోటలోకి తేవాలి. రాణి చలి నిద్రను మనకు కావలసినట్లు ముగించి, ఏడాదిలో ఏ నెలలోనైనా గూడు పెట్టించగలిగితేనే అది సాధ్యం. రాణికి కొద్దిసేపు కార్బన్ డై ఆక్సైడ్ ఇచ్చి నిద్ర అవసరం లేకుండానే గుడ్లు పెట్టించే పద్ధతి 1980లలో తెలిసింది.

అదే కాలంలో బెల్జియంకు చెందిన పశువైద్యుడు రోలాండ్ డి జాంగే, బాంబస్ టెరెస్ట్రిస్ అనే యూరప్ జాతి అద్దాల ఇళ్ళలోని టమాటాకు ఎంత ఉపయోగమో గమనించాడు. అప్పటిదాకా ఆ టమాటా పూలను కూలీలు కరెంటు పరికరంతో ఒక్కొక్కటిగా కదిలించేవారు. ఆయన 1987లో బయోబెస్ట్ అనే సంస్థ పెట్టి బంబుల్‌బీ గూళ్ళు అమ్మడం మొదలుపెట్టాడు. టమాటాతో మొదలైన ఆ పెట్టె తర్వాత పండ్ల తోటలకు చేరింది.

తోటలో పెట్టె పెట్టడానికి కొన్ని నియమాలు ఉన్నాయి:

1. పూత మొదలయ్యే సమయానికి పెట్టెలు తోటలో ఉండాలి. పూత అయిపోవచ్చాక తెస్తే లాభం లేదు.

2. బంబుల్‌బీలు ఎక్కువగా గూటికి కొన్ని వందల మీటర్ల లోపే తిరుగుతాయి. కాబట్టి పెట్టెలన్నీ ఒక మూల పెట్టకుండా తోటంతా సర్దాలి.

3. పెట్టెను నేల మీద పెట్టకూడదు. ఎత్తు మీద, నేరుగా ఎండ, వాన తగలకుండా, చీమలు ఎక్కకుండా ఉంచాలి.

4. పూత మీద పురుగుమందు కొట్టకూడదు. తప్పనిసరి అయితే ముందురోజు సాయంత్రమే పెట్టె తలుపు మార్చాలి. ఈగలు లోపలికి రావడానికి మాత్రమే వీలుండే తలుపు ఈ పెట్టెలకు ఉంటుంది. అన్నీ లోపలికి చేరాక పెట్టెను దూరంగా తీసుకుపోవాలి.

5. తోటలో పుప్పొడి ఇచ్చే రెండో రకం చెట్లు లేకపోతే ఎన్ని పెట్టెలు పెట్టినా ప్రయోజనం లేదు. ఈగ మోసుకొస్తుంది, అంతే. పుప్పొడిని తయారు చేయలేదు.

మేలు చేసేదే కీడు చేసిన కథ

ఇంత మంచి ఈగను ప్రపంచమంతా తీసుకుపోతే బాగుంటుంది కదా? అలా తీసుకుపోయారు. ఏం జరిగిందో కూడా తెలుసుకోవాలి.

దక్షిణ అమెరికాలోని చిలీ 1990ల చివర్లో యూరప్ నుంచి బాంబస్ టెరెస్ట్రిస్‌ను తెప్పించింది. ఈగకు సరిహద్దు తెలియదు. అది పెట్టెల నుంచి అడవిలోకి పోయి, ఆండీస్ కొండలు దాటి, 2006 నాటికి అర్జెంటీనాలో కనిపించింది. ఆ ప్రాంతంలో బాంబస్ డాల్బోమీ అనే సొంత బంబుల్‌బీ ఉండేది. ప్రపంచంలోకెల్లా పెద్ద బంబుల్‌బీల్లో అది ఒకటి. నారింజ రంగు నూగుతో ఎంతో అందంగా ఉంటుంది. కొత్త ఈగ వచ్చిన కొద్ది ఏళ్ళకే అది చాలా చోట్ల కనబడకుండా పోయింది. కొత్త ఈగ ఆహారం పంచుకోవడంతోపాటు రోగాలు కూడా మోసుకొచ్చిందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

పంటకు కూడా నష్టం జరిగింది. అర్జెంటీనాలోని రాస్ప్‌బెర్రీ తోటల్లో ఈ ఈగలు మితిమీరి పెరిగి ఒకే పువ్వు మీద లెక్కలేనన్ని సార్లు వాలాయి. ఆ తొక్కిడికి పువ్వులోని కీలాలు విరిగి, పండు సరిగా నిండలేదని 2014లో ప్రచురించారు. ఎరువు ఎక్కువైతే చేను మాడినట్లు ఈగ ఎక్కువైనా పువ్వు చెడుతుంది.

జపాన్ 1990ల మొదట్లో టమాటా కోసం ఇదే ఈగను తెప్పించుకుంది. అది బయటికి పోయి స్థిరపడటంతో 2006లో దాన్ని హానికర విదేశీ జాతిగా ప్రకటించి కట్టడి చేసింది. సొంత దేశపు బంబుల్‌బీ జాతులను పెంచి వాడటాన్ని ప్రోత్సహించింది. మనం ఈ ఈగ నుంచి నేర్చుకోవలసిన పెద్ద పాఠం ఇదేనని నాకనిపిస్తుంది. బయటి పనివాణ్ణి పిలిచే ముందు ఇంట్లో ఉన్న పనివాళ్ళు ఎవరో చూసుకోవాలి.

మన హిమాలయాల్లో

మన దేశంలో ఆ పనివాళ్ళు ఉన్నారు. భారత హిమాలయాల్లో దాదాపు 50 బంబుల్‌బీ జాతులు ఉన్నాయి. ఆపిల్ తోటలు కూడా అక్కడే ఉన్నాయి. హిమాచల్ ప్రదేశ్‌లోని కోట్‌గఢ్ ప్రాంతంలో 1916లో శామ్యూల్ ఎవాన్స్ స్టోక్స్ డెలీషియస్ రకాల మొక్కలు నాటిన తర్వాత అక్కడి ఆపిల్ సాగు దశ మారింది. ఇప్పుడు లక్షల కుటుంబాలు ఆ పంట మీద బతుకుతున్నాయి. అక్కడ కూడా పూతకాలం ఏప్రిల్ ప్రాంతమే. చలి, వాన, వడగళ్ళు ఎప్పుడు వస్తాయో తెలియదు. రైతులు పూతకాలానికి తేనెటీగల పెట్టెలు అద్దెకు తెచ్చుకుంటారు. పుప్పొడి ఇచ్చే చెట్లు తక్కువైన చోట ఆ రకం పూల కొమ్మలను నీళ్ళలో పెట్టి చెట్లకు వేలాడదీస్తారు.

సోలన్ దగ్గర నౌణిలో ఉన్న డాక్టర్ వై.ఎస్. పర్మార్ ఉద్యాన, అటవీ విశ్వవిద్యాలయంలో బాంబస్ హెమరాయిడాలిస్ అనే హిమాలయ జాతిని పెట్టెల్లో పెంచే పద్ధతుల మీద పరిశోధనలు చేశారు. రాణులను పట్టి తెచ్చి, వాటికి ఎంత వేడి, ఎంత తేమ, ఏ పుప్పొడి ఇస్తే గూడు పెడతాయో ఓపికగా కనుక్కోవాలి. నెమ్మదిగా సాగే పని. అయినా అది మన కొండల ఈగ, మన కొండల పువ్వు. చిలీలో జరిగిన ప్రమాదానికి ఇక్కడ తావు తక్కువ.

మరి మన దగ్గర?

మన వేడికి బంబుల్‌బీ సరిపడదు. మనకు దాని అవసరం కూడా లేదు. మన పువ్వులకు మన ఈగలు ఉన్నాయి. మామిడి పూత మీద మామూలు ఈగలు ఎక్కువగా పని చేస్తాయి. పుచ్చ, దోస, కాకరలో ఆడపువ్వు, మగపువ్వు వేరువేరు కనుక తేనెటీగ రాకపోతే కాయే లేదు. కంది, జనుము పూల మీద తుమ్మెదలు వాలతాయి. నీలి చారలుండే చిన్న ఈగలు పాత మట్టిగోడల్లో, గట్లలో బొరియలు పెట్టుకుని ఉంటాయి.

వంకాయ, టమాటా పువ్వుల పరాగకోశాలకు చివర సన్నని రంధ్రం మాత్రమే ఉంటుంది. ఉప్పు సీసాలా దాన్ని ఊపితేనే పుప్పొడి రాలుతుంది. బంబుల్‌బీ పువ్వును పట్టుకుని సెకనుకు 200 నుంచి 400 సార్లు కంపించి ఈ పని చేస్తుంది. మన తుమ్మెద, నీలి చారల ఈగ కూడా సరిగ్గా ఇదే పని చేస్తాయి. తేనెటీగకు ఈ విద్య రాదు.

దీన్ని మీరు స్వయంగా చూడవచ్చు. బడి ప్రయోగశాలలో ధ్వని పాఠానికి వాడే శృతిదండం ఉంటుంది. హాస్టల్ పెరట్లో బాగా విచ్చుకున్న వంకాయ పువ్వో టమాటా పువ్వో చూసి దాని కింద నల్ల కాగితం పట్టండి. శృతిదండాన్ని రబ్బరు సుత్తితో కొట్టి పువ్వు మధ్యలోని పసుపు గొట్టానికి ఆనించండి. కాగితం మీద సన్నని పొడి రాలుతుంది. భౌతికశాస్త్రం, జీవశాస్త్రం ఒకే పువ్వులో కనిపిస్తాయి.

ఊరికి వెళ్ళినప్పుడు ఇంట్లోవాళ్ళకు చెప్పవలసిన మాటలు మూడు ఉన్నాయి. పూత మీద, అందులోనూ ఈగలు తిరిగే పగటి వేళ మందు కొట్టవద్దు. గట్ల మీది పూల మొక్కలన్నీ కలుపని పీకేయవద్దు. తుమ్మెద తొలిచిన ఎండు వెదురును, ఎండుకొయ్యను చీమూనెత్తురు లేని వస్తువనుకుని కాల్చవద్దు. అందులో పిల్లలు ఉంటాయి. మన పత్తి చేలలో కూడా వాడే ఇమిడాక్లోప్రిడ్‌తో సహా 3 రకాల పురుగుమందులను ఆరుబయట పొలాల్లో వాడకుండా యూరప్ సమాఖ్య 2018లో నిషేధించింది. దానికి కారణం తేనెటీగలకు జరుగుతున్న హానే.

ఈ చదువు చదవాలంటే

ఇంటర్మీడియట్‌లో బైపీసీ తీసుకుని ఈఏపీసెట్ రాస్తే వ్యవసాయ, ఉద్యాన డిగ్రీ కోర్సుల్లో చేరవచ్చు. తెలంగాణలో సిద్దిపేట జిల్లా ములుగులో శ్రీ కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం, ఆంధ్రప్రదేశ్‌లో వెంకట్రామన్నగూడెంలో డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నాయి. నాలాగా డిగ్రీలో జంతుశాస్త్రం చదివి ఎం.ఎస్సీ.లో కీటకశాస్త్రం వైపు కూడా రావచ్చు. పొలం పని తెలిసిన పిల్లలకు ఈ చదువులో ఒక బలం ఉంది. పువ్వు ఎప్పుడు విచ్చుకుంటుందో, మొగ్గ ఎంత సున్నితమో, ఏ పొద్దున ఏ ఈగ వస్తుందో మనకు పుస్తకం తెరవకముందే తెలుసు. మన అమ్మలు చేసిన కూలిపనిలో ఉన్న ఆ తెలివికి పేర్లు, లెక్కలు, కారణాలు చేర్చడమే చదువు.

పాఠం అయింది కనుక ప్రశ్నలు కూడా ఇస్తున్నాను. జవాబులు పాఠంలోనే ఉన్నాయి, చివరి దానికి తప్ప.

1. ఆపిల్ పండు ఒక పక్క సొట్టగా ఎందుకు తయారవుతుంది?

2. బంబుల్‌బీ చలిలో తన శరీరాన్ని ఎలా వేడి చేసుకుంటుంది?

3. తేనెటీగల నాట్యం బేరి రైతుకు ఎందుకు నష్టం తేవచ్చు?

4. చిలీకి తెచ్చిన ఈగ వల్ల అర్జెంటీనాకు ఏం జరిగింది?

5. హాస్టల్ పెరట్లోని వంకాయ పువ్వు మీదికి పొద్దున 7 నుంచి 8 గంటల మధ్య ఏ ఈగలు, ఎన్నిసార్లు వచ్చాయి? వారం రోజులు నోటుబుక్కులో రాసి మీ సైన్సు టీచర్‌కు చూపించండి.